దొరకని వారం

ఎడిటర్ గారి ఫోన్ మంగళవారం రాత్రి వచ్చింది. సస్పెన్స్ నవల మీద ముఖచిత్ర కథనం కావాలట, అదీ మా వైపు పాఠకులతో, శుక్రవారం మధ్యాహ్నానికల్లా. మా వైపంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఒకే రైలు దారి మీద మూడు ఊళ్లు, నా చేతిలో రెండు పగళ్లు. ఏ నవల అని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక్కడ యాభై దాటినవాళ్ల దగ్గర సస్పెన్స్ మాటెత్తితే ముందు వినపడేది ‘తులసిదళమే’. అది రాసిన యండమూరి వీరేంద్రనాథ్ నాకు ఇష్టమైన రచయిత. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

హిందూపురంలో ఒకప్పుడు నేను నవలలు తెచ్చుకున్న అద్దె పుస్తకాల కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జీలు చేస్తున్నారు. కొట్టాయనకు మాత్రం అన్నీ గుర్తే. కన్నడ అనువాదాన్ని కూడా పక్కనే పెట్టేవాడట. సరిహద్దు ఊరు కాబట్టి మొగుడు తెలుగులో, పెళ్లాం కన్నడంలో ఒకే కథ చదివి పొద్దున్నే పోట్లాడుకునే ఇళ్లున్నాయంటాడు. ఆఖరి పేజీలు చింపుకుపోయిన మహానుభావుడెవరో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

పెనుకొండలో ఒక రిటైర్డ్ మాస్టారు, పసిపిల్ల మీద చేతబడి జరిగే ఈ కథలో మంత్రానికీ మందుకీ రెండింటికీ చోటిచ్చి రచయిత తప్పించుకున్నాడని గట్టిగా వాదించారు. కోట ఫోటో తీసుకోమని ఎడిటర్ చెప్పారు కనక తీశాను. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న కోట అది. నవలకూ దానికీ ఏ సంబంధమూ లేదు, ఫోటో మటుకు బాగా వచ్చింది.

అసలు సరుకు ధర్మవరంలో దొరికింది, అదీ మా పెద్దమ్మ ఇంట్లో, ఇనప్పెట్టె అడుగున.

‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు ఆమె ఆ కాగితాలను వారం వారం చింపి దాచింది. కథ అయిపోయాక మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర పట్టుపోగుతో కుట్టేసింది. పనికిరాని జకార్డు అట్టలు నాలుగు జతచేసి పైన అట్ట వేసింది. ఆ అట్టల చిల్లుల్లోంచి మొదటి పేజీ అక్షరాలు తొంగిచూస్తుంటాయి. ఆ రోజుల్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతా ఆడవాళ్లు కండెలు చుట్టుకుంటూ వినేవాళ్లట. భయమేసే చోట రాట్నం ఆగిపోయేదని, పెదనాన్న లోపల్నుంచి కేకలేసేవాడని నవ్వింది.

బైండు మధ్యలో ఒక రూళ్ల కాగితం ఉంది. రెండు వైపులా గుండ్రటి చేతిరాత.

“ఆ వారం పేపరు దొరకలేదు నాయనా. పక్కింటక్క యాడో చదివొచ్చి చెప్పింది. నేను రాసి పెట్టుకుంటి.”

రచయిత పేజీలకు పేజీలు రాసింది ఆమె ఒక్క కాగితంలో ముగించింది. సైన్సు చర్చ అంతా ఒకే వాక్యం: ‘డాక్టర్లు చానా మాట్లాడినారు.’ పాప ఏం తిన్నది, ఒళ్లు కాలుతోందా తగ్గిందా, తల్లి ఎక్కడ కూర్చుంది, ఇవి మాత్రం ఒక్కటీ వదల్లేదు. అడుగున గీత గీసి తన మాట రాసుకుంది: ‘పాపకు ఏమన్నా అయితే ఈ పత్రిక ఇంక కొనేది లేదు.’

ఇంతకంటే నిక్కమైన సమీక్ష నేను చదవలేదు. ఆ నవల మీద నా అభిప్రాయాన్ని కూడా ఈ కాగితమే మార్చింది. ఇన్నాళ్లూ నన్ను భయపెట్టింది క్షుద్రశక్తి కాష్మోరా అనుకున్నాను. కాదు, జ్వరం పట్టిన బిడ్డ పక్కన కూర్చున్న తల్లి. పసిపిల్ల మీద ప్రయోగం, చావుకు గడువు, రోజుల లెక్క. రచయిత చార్టర్డ్ అకౌంటెన్సీ చదివినవాడు, లెక్క ఎక్కడా వదలడు. పైగా కథలో ఒక రోజు గడవడానికి పాఠకురాలికి ఒక వారం పట్టిన సందర్భాలున్నాయి. ఇవాళ పుస్తకంగా ఏకబిగిన చదివితే అదే బిగువు కొంచెం చీకాకు పెడుతుంది. పదిహేను పేజీలకోసారి ఉలికిపాటు, వెంటనే చల్లార్పు. వారం ఎడం ఉండగా కుట్టు కనపడలేదు, ఇప్పుడు కనపడుతోంది.

ఇక చరిత్ర, గబగబా. బెంగాలీ అపరాధ పరిశోధక నవలల అనువాదాలతో తెలుగులో ఈ దారి పడింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఇంటింటికీ తెచ్చాడు. మధుబాబు గూఢచారి షాడో జేబుల్లో తిరిగాడు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవ్వు కలిపాడు. యండమూరి వచ్చి భయాన్ని మధ్యతరగతి పడకగదిలోకి తెచ్చిపెట్టాడు.

ఆ భయాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని రచయిత్రి రంగనాయకమ్మ పుస్తకమే రాశారు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల మనది, ఆ నవలను అనుమానంగా చూడటం అన్యాయమని నేననను. పెద్దమ్మను అడిగితే, “దయ్యం యాడుంది నాయనా? పిల్ల పేర ఆస్తి ఉండబట్టే కదా అంతా” అంది. మంచి మాటే. కానీ ఒక్క పెద్దమ్మను చూపించి రంగనాయకమ్మను కాదనలేం.

బాక్సు: తెర మీద
కన్నడంలో 1985లో ‘తులసిదళ’ సినిమా వచ్చింది. ‘తులసిదళా’నికి కొనసాగింపు ‘తులసి’. దాని ఆధారంగా తెలుగులో 1986లో వచ్చింది ‘కాష్మోరా’. ఉరిశిక్ష మీద యండమూరి రాసిన ‘అభిలాష’ 1983లో చిరంజీవితో సినిమా అయింది. దయ్యం లేకుండా బిగించిన కథల్లో నా ఓటు దానికే. ‘తులసిదళం’లో పాప తులసి బతికిందా అని అడక్కండి, రెండో నవల పేరు చూడండి.

ఆ రూళ్ల కాగితాన్ని ఊడదీసి ఇస్తే ఆఫీసులో స్కాన్ చేయించి తెస్తానన్నాను. పెద్దమ్మ బైండు ఒళ్లో పెట్టుకుంది.

“కుట్టు విప్పితే ఆ వారం మళ్లా పోతాది.”

ఆమె పేజీ నొక్కిపట్టుకుంటే గడప దగ్గర వెలుతుర్లో ఫోన్‌తోనే తీశాను. ముఖచిత్రంలో ఎడమ అంచున కనపడే బొటనవేలు ఆమెదే.