గతాన్ని మరవని కంపనాల గణన

రబ్బరు దిమ్మెపై నిలిపిన యంత్రం కంపించి క్రమంగా నిలకడకు వచ్చే తీరును లెక్కగట్టేటప్పుడు పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండు బలాలను తీసుకుంటాయి: స్థానభ్రంశానికి అనుపాతంలో ఉండే స్ప్రింగు బలం ఒకటి, వేగానికి అనుపాతంలో ఉండి కంపనాన్ని అణచే నిరోధ బలం మరొకటి. అయితే రబ్బరు, పాలిమర్ల వంటి స్నిగ్ధ స్థితిస్థాపక పదార్థాలు, అంటే కొంత స్ప్రింగులా, కొంత చిక్కని ద్రవంలా ప్రవర్తించేవి, ఈ విభజనకు లొంగవు. వాటిలో ఈ క్షణపు బలం అంతకుముందు పదార్థం ఎప్పుడెంత సాగిందన్న చరిత్రపైనా ఆధారపడుతుంది.

ఈ ప్రవర్తనను కొద్దిపాటి స్థిరాంకాలతోనే పట్టి చూపగలిగేది భిన్న అవకలజం. అవకలజమంటే మార్పు రేటు. స్థానభ్రంశానికి మొదటి అవకలజం వేగం, రెండవది త్వరణం. అర అవకలజం మాటేమిటన్న ప్రశ్న 1695లోనే లోపితాల్‌కు లైబ్నిట్జ్ రాసిన లేఖలో చర్చకు వచ్చినా, కంపనాల అణచివేతలో దానికి గట్టి స్థానం దక్కింది 1980లలో బాగ్లీ, టోర్విక్ అనే అమెరికన్ పరిశోధకుల కృషి వల్ల. స్థిరంగా ఊగే సైన్ తరంగపు దశను మొదటి అవకలజం 90 డిగ్రీలు ముందుకు జరిపితే, అర అవకలజం 45 డిగ్రీలు జరుపుతుంది. కనుక దానికి అనుపాతమైన బలంలో స్ప్రింగు పాలు, నిరోధం పాలు సరిసమానంగా ఉంటాయి.

దీన్ని కంప్యూటరుతో లెక్కించడానికి అత్యంత సూటి మార్గం 1860లలో గ్రున్‌వాల్డ్, లెత్నికోవ్‌లు రూపొందించిన సూత్రం. కాలాన్ని చిన్న అంగలుగా విడగొట్టి, ప్రతి అంగ వద్ద అంతవరకు వచ్చిన స్థానభ్రంశాలన్నిటినీ తగిన గుణకాలతో గుణించి కూడి, ఆ మొత్తాన్ని అంగ పొడవు వర్గమూలంతో భాగిస్తే అర అవకలజం వస్తుంది. ఇప్పటి విలువకు గుణకం 1, దాని ముందరిదానికి −1/2, ఆపైన −1/8, −1/16, −5/128. గతంలోకి వెళ్లేకొద్దీ ఇవి చిన్నవవుతాయే కాని ఎన్నడూ సున్నా కావు. కష్టమంతా అక్కడే ఉంది. 10,000 అంగల గణనలో ఈ ఒక్క పదానికే దాదాపు 5 కోట్ల గుణకారాలు కావాలి, పైగా అంగను సగం చేస్తే దోషం సుమారు సగానికి తగ్గుతుంది గాని పని నాలుగింతలవుతుంది.

దూరపు గతాన్ని కత్తిరించడం ఒక ఉపాయం. గణితవేత్త పోడ్లుబ్నీ 1999 నాటి గ్రంథంలో హ్రస్వ స్మృతి సూత్రమన్నది దీన్నే. కంపనం త్వరగా సద్దుమణిగే చోట ఇది చాలవరకు పనికొస్తుంది కాని, స్థిరమైన బరువు కింద రబ్బరు మెల్లగా కుంగుతూ పోయే చోట నమ్మదగినది కాదు. 100 అంగల అవతలి గుణకాల మొత్తమే పరిమాణంలో సుమారు 0.056 ఉంటుంది, దాన్ని పదో వంతుకు తగ్గించాలంటే జ్ఞాపకాన్ని నూరింతలు పొడిగించాలి.

అందుచేత గతాన్ని తెగ్గొట్టడం కంటే కుదించడమే మేలు. ఆ గుణకాలు నెమ్మదిగా తగ్గే తీరును తెలిపే స్మృతి ప్రమేయాన్ని, వేర్వేరు వేగాలతో క్షీణించే కొన్ని ఘాతీయ ప్రమేయాల మొత్తంగా రాస్తే, ఒక్కో ప్రమేయానికి గతమంతా ఒక్క సంఖ్యలో ఇముడుతుంది. ప్రతి అంగలో ఆ సంఖ్యను స్థిర నిష్పత్తితో గుణించి కొత్త భాగాన్ని కలిపితే చాలు, పాత స్థానభ్రంశాలను నిలవ ఉంచే పని లేదు. ఆ క్షయకాలాలు మాత్రం ఒక అంగ మొదలు మొత్తం కంపన కాలం దాకా విస్తరించి ఉండాలి.