వెన్నుపాముకు గాయమైతే వీడియో గేమ్ ఎందుకు? ఎలా?

వెన్నుపాము మెదడు నుంచి నడుము దాకా దిగే నాడుల కట్ట. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. హైదరాబాద్‌లోని కార్వాన్‌లో డాబా మీద పతంగి ఎగరేస్తూ కిందపడినా, రోడ్డు ప్రమాదం జరిగినా ఆ కట్ట దెబ్బతినవచ్చు. దెబ్బ మెడ దగ్గర తగిలితే చేతులూ కాళ్లూ, వీపు దగ్గరైతే కాళ్లూ పట్టు తప్పుతాయి.

కదలికతో పాటు స్పర్శ కూడా పోవచ్చు. అసలు ప్రమాదం ఇక్కడే. చాలాసేపు కదలకుండా కూర్చుంటే ఒత్తిడి పడిన చోట రక్తం అందక చర్మం పుండవుతుంది. నొప్పి తెలియదు కాబట్టి హెచ్చరికా ఉండదు. అందుకే పావుగంటకో అరగంటకో ఒంటి బరువును పక్కకు మార్చాలి, రోజూ చర్మాన్ని చూసుకోవాలి, వేళకు మూత్రాశయాన్ని ఖాళీ చేయాలి. ఇన్ని అలవాట్లు ఒక్కసారి చెబితే రావు. వీడియో గేమ్‌లోనైతే పొరపాటు చేసినా ఒంటికి హాని లేదు. మళ్లీ మళ్లీ ఆడితే పని అలవడుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గాయపడిన యువత కోసం ‘ఎస్‌సీఐ హార్డ్’ అనే గేమ్ తయారుచేశారు. తమను తాము చూసుకునే నైపుణ్యాలను అది నేర్పుతుంది. కార్వాన్ పిల్లలకు తెలుగు, దక్కనీ ఉర్దూల్లో ఇలాంటివి ఎంతో అవసరం.

వేళ్లు కదలనివారు ఆడేదెలా? 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు రెండు పెద్ద బటన్లుంటాయి, మోచేతితోనూ నొక్కవచ్చు. గొట్టంలోకి ఊదితే ఒక ఆజ్ఞ, పీలిస్తే మరొకటి ఇచ్చే పరికరాలూ ఉన్నాయి.