ఆ ఒక్క మాట

2025 సెప్టెంబరులో ఒకనాటి పొద్దున్నే మా అక్కయ్య ఫోను చేసింది. మొదట ఏడ్చింది. తరవాత తిట్టింది. తిట్టింది నన్ను కాదు, అమెరికా కోర్టులని.

"ఒరే తమ్ముడూ, నువ్వు ఎమ్మే చదివావు, కాలేజీలో పాఠాలు చెబుతున్నావు. నాకీ సంగతి చెప్పరా! అటువంటివాణ్ణి దేశంలో ఎందుకుంచారు? పట్టుకున్నవాణ్ణి మళ్ళీ ఎందుకు వదిలారు? అలాంటివాడికి కూడా కోర్టులూ, ప్లీడర్లూ, హక్కులూ ఏమిటిరా?"

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. ఆవిడ కొడుకు, అంటే నా మేనల్లుడు, డల్లాసులో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు 10వ తేదీన ఆ ఊళ్ళోనే ఒక మోటెల్‌లో మేనేజరుగా ఉన్న కర్ణాటక వాస్తవ్యుడొకాయన దారుణంగా హత్య అయ్యాడు. భార్యా, కొడుకూ అడ్డుపడుతూండగానే, వాళ్ళ కళ్ళ ఎదుటే అది జరిగింది. బట్టలుతికే యంత్రం చెడిపోయింది, వాడవద్దన్న దగ్గర మాటా మాటా వచ్చిందట. అక్కడే పనిచేసే క్యూబా దేశస్థుడొకడి మీద పోలీసులు హత్యానేరం మోపారు.

"మోపారు ఏమిటిరా? చంపాడు అను!" అన్నది అక్కయ్య.

నేను జవాబు చెప్పలేదు. ఆ భార్య, ఆ పిల్లవాడు ఇక మీదట ఎలా నిద్రపోతారో తలుచుకుంటే ఎవరికి మాత్రం నోట మాట వస్తుంది? కాని అక్కయ్య వేసిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నేను లా చదివినవాణ్ణి కాను. మాటలకు అర్థం వెతకడం నా వృత్తి. ఆ పద్ధతిలోనే ఈ సంగతీ వెతికాను. తెలిసినంత మట్టుకు పాఠకులకు మనవి చేస్తాను.

ఆ క్యూబా మనిషిని దేశంనుంచి పంపివెయ్యాలని అంతకు ముందే ఉత్తరువు అయి ఉంది. లోగడ అతని మీద నేరాల రికార్డు ఉన్నదని అమెరికా ప్రభుత్వమే ప్రకటించింది. వలస వ్యవహారాలు చూసే శాఖవారు అతన్ని నిర్బంధంలో కూడా ఉంచారు. కాని అతన్ని తీసుకోవడానికి క్యూబా ఒప్పుకోలేదు. ఇక్కడివాళ్ళు పొమ్మన్నారు, అక్కడివాళ్ళు రావద్దన్నారు. ఆఖరికి 2025 జనవరి 13న, మా కనుసన్నలలో ఉండాలన్న షరతు మీద అతన్ని బయటికి వదిలారు. ఎనిమిది నెలలు తిరగకుండానే ఈ ఘోరం జరిగింది.

ఎందుకు వదలవలసి వచ్చింది? ఈ ప్రశ్నకు మూలం 2001లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో ఉంది. జాడ్విడాస్ కేసు అంటారు దాన్ని. యుద్ధానంతరం జర్మనీలో, ఇళ్ళూ వాకిళ్ళూ పోయినవాళ్ళ శిబిరంలో పుట్టినవాడు ఆ జాడ్విడాస్. తల్లిదండ్రులు లిథువేనియావారు. అమెరికాలో నేరాలు చేశాడు, శిక్ష అనుభవించాడు. పొమ్మంటే, జర్మనీ మావాడు కాదన్నది, లిథువేనియా కూడా మావాడు కాదన్నది. మరి అతన్ని ఏం చెయ్యాలి? ఏ దేశమూ పుచ్చుకోలేదన్న కారణం మీద జీవితాంతం జైల్లో కూర్చోబెట్టవచ్చునా?

వీల్లేదన్నది కోర్టు. అదీ అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు. పంపే అవకాశం దగ్గరలో కనిపించనప్పుడు, సుమారు ఆరు నెలలు దాటితే, ఇంకా ఎందుకు ఉంచారో ప్రభుత్వం సంజాయిషీ ఇచ్చుకోవాలని ఆ తీర్పు సారాంశం. అయితే ఉగ్రవాదంవంటి ప్రత్యేక ప్రమాదం ఉన్నచోట ఆలోచన వేరుగా ఉండవచ్చునని ఒక సందు కూడా విడిచిపెట్టింది. వదిలినవాణ్ణి గాలికి వదిలెయ్యమనీ అనలేదు. షరతులు పెట్టవచ్చు, కనిపెట్టి ఉండవచ్చు, షరతు తప్పితే మళ్ళీ పట్టుకోవచ్చు.

"ఆరు నెలలేమిటిరా, జన్మంతా ఉంచకూడదూ?" అన్నది అక్కయ్య, ఈ సంగతి చెప్పినప్పుడు.

ఉంచవచ్చు. కాని దానికి పేరు యావజ్జీవ శిక్ష. యావజ్జీవ శిక్ష వెయ్యాలంటే నేరం చెప్పాలి, సాక్ష్యం చూపాలి, ముద్దాయి మాట వినాలి, న్యాయమూర్తి తీర్పు చెప్పాలి. ఇవేమీ లేకుండా ఒక ఆఫీసులోని ఫైలు మనిషిని జన్మాంతం లోపల ఉంచకూడదు. అమెరికావాళ్ళు డ్యూ ప్రాసెస్ అనేది దీన్నే. మన భాషలో చెప్పుకోవాలంటే, సక్రమమైన విచారణ లేకుండా మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ ముప్పు తేరాదన్న నియమం.

ఇక్కడే నాకు ఆ ఒక్క మాట కనిపించింది.

అమెరికా రాజ్యాంగంలో అయిదవ సవరణ 1791 నాటిది, పద్నాలుగవ సవరణ 1868 నాటిది. రెండింటిలోనూ ఈ హక్కు ఇచ్చినచోట "పౌరుడు" అనలేదు, "వ్యక్తి" అన్నారు. పౌరుల సంగతి చెప్పదలచినచోట పౌరులనే రాశారు. కనక ఇది చెయ్యిజారి పడిన మాట కాదు.

ఆ మాటకు ప్రాణం పోసినవాళ్ళెవరో తెలుసునా? చాకిరేవు నడుపుకునే చీనావాళ్ళు! 1880లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక శాసనం చేశారు. కొయ్య ఇళ్ళలో బట్టలుతికే దుకాణం నడపాలంటే నగర పాలకుల అనుమతి కావాలి. శాసనంలో చీనా అన్న మాటే లేదు. కాని అర్జీ పెట్టుకున్న చీనావాళ్ళు సుమారు రెండు వందల మందికీ లేదన్నారు. తక్కిన ఎనభై మందికీ దాదాపు అందరికీ ఇచ్చారు. యిక్ వో అన్న పేరుతో నడిచిన ఆ కేసులో 1886లో సుప్రీంకోర్టు, పరదేశి అయినా వ్యక్తే కదా అన్నది. పదేళ్ళకి, 1896లో, వాంగ్ వింగ్ కేసు వచ్చింది. డెట్రాయిట్‌లో పట్టుబడిన నలుగురు చీనావాళ్ళకు, జ్యూరీ విచారణ లేకుండానే అరవై రోజుల కఠిన శిక్ష, ఆ పైన దేశబహిష్కారం అన్నారు. పంపివెయ్యడం ప్రభుత్వం చేతిలోని పని, కాని శిక్ష వెయ్యాలంటే మటుకు విచారణ జరిగి తీరవలసిందేనని కోర్టు తేల్చింది.

ఇందులో ప్రభుత్వానికి అన్యాయం ఏమీ లేదని గమనించాలి. అనుమతి లేకుండా వచ్చినవాణ్ణి వెళ్ళగొట్టే అధికారం ప్రతి దేశానికీ ఉంది. అమెరికాలో ఆ విచారణ కూడా అంత ఘనమైనదేమీ కాదు. వలస కోర్టుల జడ్జీలు ప్రభుత్వ న్యాయశాఖ ఉద్యోగులే. ప్లీడర్ని పెట్టుకోవచ్చును గాని, సర్కారు ఖర్చుతో ఇవ్వరు. మనిషిని నిలబెట్టి, "నీమీద మేమనేది ఇదీ, నువ్వేమంటావు?" అని అడగడమే ఆ హక్కులో ముఖ్యం.

కాని ఒక ఘోరమైన నేరం జరిగినప్పుడు జనానికి ఆ పాటి ఓపిక కూడా ఉండదు. అది మానవ సహజం. 2024 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో ఉదయంపూట పరుగుకు వెళ్ళిన నర్సింగు విద్యార్థిని హత్య అయింది. చేసినవాడు సరిహద్దు దాటి వచ్చిన వెనిజులా దేశస్థుడు. దేశమంతా అట్టుడికిపోయింది. కోర్టు తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. ఆ ఏడు నవంబరులోనే విచారణ ముగించి, మరి విడుదలకు వీలులేని యావజ్జీవ శిక్ష వేసింది. అంటే సక్రమ విచారణ నేరస్థుణ్ణి కాపాడలేదు, నేరాన్ని రుజువు చేసింది.

ఆ అమ్మాయి పేరు మీదనే 2025 జనవరిలో లేకన్ రైలీ చట్టం వచ్చింది. సరైన అనుమతి లేని పరదేశి మీద దొంగతనం, దుకాణంలో వస్తువు కాజెయ్యడంవంటి నేరం మోపినా సరే, అరెస్టు చేసినా సరే, నిర్బంధంలో ఉంచి తీరాలి. నేరం రుజువు కానక్కరలేదు. హంతకుడి మీద కోపంతో పుట్టిన చట్టం, ఇంకా ఏమీ రుజువుకాని చిల్లర దొంగతనం దాకా చెయ్యి చాచింది.

మార్చి నెలలో కథ ఇంకా ముందుకు పోయింది. యుద్ధకాలంలో శత్రుదేశస్థుల కోసం 1798లో చేసిన చట్టమొకటి ఉంది. దాన్ని తవ్వి తీసి, ఫలానా హంతక ముఠావాళ్ళని చెప్పి నూరు మందికి పైగా వెనిజులా దేశస్థులని విమానాలలో ఎల్ సాల్వడార్‌కు, అక్కడి మహా కారాగారానికి పంపించివేశారు. ఒంటిమీది పచ్చబొట్లు కూడా ముఠా గుర్తులుగా లెక్కలోకి వచ్చాయి. మాది ముఠా కాదని చెప్పుకోవడానికి వాళ్ళకు వ్యవధి ఏదీ? ఏప్రిల్ 7న సుప్రీంకోర్టు, ఏ జిల్లాలో దావా వెయ్యాలన్న దగ్గర రెండుగా చీలినా, ముందుగా నోటీసు ఇచ్చి తీరాలన్న దగ్గర తొమ్మండుగురూ ఏకమయ్యారు. మే 16న, ఒక్క రోజు ముందు ఇచ్చే నోటీసు చాలదని కూడా చెప్పింది.

ఆ విమానాలలోనే కిల్మార్ అబ్రెగో గార్సియా అనే అతను కూడా వెళ్ళాడు. అతన్ని ఎల్ సాల్వడార్‌కు పంపరాదని 2019లోనే ఒక జడ్జి ఉత్తరువు ఉంది. పొరపాటు జరిగిందని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకున్నది. అతన్ని వెనక్కి తెప్పించే ఏర్పాటు చెయ్యమని ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు చెప్పాక, జూన్‌లో గాని తీసుకురాలేదు. తెచ్చినప్పుడు వేరే నేరం మోపి తెచ్చారు. అది నిజమా అబద్ధమా అన్నది అలా ఉంచండి. అది తేల్చవలసిన చోటు కోర్టు. చెయ్యవలసిన క్రమం కూడా అదే: ముందు విచారణ, తరవాత శిక్ష.

"ఎవరో వెనిజులావాళ్ళు, ఎవరో క్యూబావాళ్ళు. మనవాళ్ళకేమిటిరా ఈ గొడవ?" అన్నది అక్కయ్య.

అప్పుడు నేను 2019 సంగతి గుర్తు చేశాను. మిషిగన్ రాష్ట్రంలో, ఆ డెట్రాయిట్ పక్కనే, ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అని ఒకటి వెలిసింది. ప్రభుత్వ జాబితాలో దాని పేరుంది. ఫీజులు పుచ్చుకున్నారు. కాని పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. ఎందుకంటే దాన్ని నడిపింది సాక్షాత్తూ వలస శాఖ పోలీసులే! జనవరి నెలాఖరున వల లాగితే మొదటి విడతలోనే నూటముప్పై మంది పడ్డారు. అందులో నూట ఇరవై తొమ్మిదిమంది భారతీయులు. చాలామంది మన తెలుగు పిల్లలు. పాఠాలు లేని చదువని తెలిసీ చేరారు కనక వీసా మోసమేనన్నది ప్రభుత్వ వాదం. ప్రభుత్వ జాబితా చూసి నమ్మామన్నది పిల్లల వాదం. పిల్లలను చేర్పించి కమీషను తిన్న దళారులూ మనవాళ్ళే ఉన్నారు, వాళ్ళకు శిక్షలు పడ్డాయి. విద్యార్థుల ఫీజుల దావా నడవవచ్చునని 2024లో ఒక అప్పీలు కోర్టు అన్నది. ఎవరిది ఎంత తప్పో ఒక్కొక్కరినీ విడివిడిగా వింటే తప్ప ఎవరు చెప్పగలరు?

ఆ రోజుల్లోనే మా కాలేజీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయన కొడుకు లోగడ నా దగ్గర చదివాడు. వీసా గొడవలో ఎక్కడో పట్టుకున్నారట. పొలం తాకట్టు పెట్టి పంపిన పిల్లవాడు. చేతిలో గుడ్డసంచీ, అందులో వాడి సర్టిఫికెట్లన్నీ. "మావాడు మంచివాడని ఒక కాగితం రాసివ్వండి మాస్టారూ" అన్నాడు. రాసి ఇచ్చాను. సంతకం చేస్తూంటే మెల్లిగా అడిగాడు: "వాళ్ళు వాడి మాట వింటారంటారా?" 

వాణ్ణి వదులుతారా అని అడగలేదాయన. వింటారా అని అడిగాడు.

మన రాజ్యాంగంలోనూ ఇదే మాట ఉంది. ఇరవై ఒకటవ అధికరణం "వ్యక్తి" అనే అంటుంది. కనక మన గడ్డ మీద పరదేశికి కూడా అది వర్తిస్తుంది. అమెరికావారి డ్యూ ప్రాసెస్ అన్న మాటను మాత్రం మన పెద్దలు చాలా తర్జనభర్జన చేసి వదిలిపెట్టి, "శాసనం నిర్ణయించిన పద్ధతి" అని రాశారు. ఆ మార్పును సమర్థించినవారిలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు ఒకరు. పరదేశిని పంపివేసే అధికారం సర్కారుకు సంపూర్ణంగా ఉందని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో మన సుప్రీంకోర్టూ అన్నది. కాని 1978లో, మేనకా గాంధీ కేసులో, పద్ధతి అంటే ఏదో ఒక పద్ధతి కాదు, అది న్యాయంగా, సబబుగా ఉండాలని చెప్పింది. ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయిన మాట దొడ్డిదారిన మళ్ళీ ఇంట్లోకి వచ్చిందన్నమాట.

ఇదంతా విన్నాక అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నది: "అయితే ఆ తల్లికీ ఆ పిల్లాడికీ ఏం సమాధానం చెబుతావురా?"

సమాధానం నా దగ్గర లేదు. ప్రమాదకరమైనవాడని తెలిసినప్పుడు ఎంత జాగ్రత్తగా కనిపెట్టి ఉన్నారు, వదిలాక ఏం చేస్తున్నాడో చూశారా అన్న ప్రశ్నలు వాళ్ళు అడగవలసినవే. జవాబు చెప్పవలసిన బాధ్యత ఆ ప్రభుత్వానిదే. కాని విచారణ అనేదే లేకపోతే ఆ ప్రశ్నలు అడిగేచోటు కూడా ఉండదు. అంత వరకే చెప్పగలిగాను.

ఆ రాత్రి అక్కయ్య కొడుకుతో మాట్లాడుతూ నన్ను కూడా ఫోనులో కలిపింది. "కాగితాలన్నీ ఎప్పుడూ దగ్గర పెట్టుకో నాయనా. రాత్రిళ్ళు ఒంటరిగా తిరక్కు. ఖర్మం చాలక ఎవరైనా పట్టుకుంటే కంగారు పడకు. ముందు నా మాట వినండి అని అడుగు."

"వినకపోతేనో, అమ్మా?" అన్నాడు వాడు నవ్వుతూ.

"వినకపోవడమేమిట్రా?" అన్నది అక్కయ్య కోపంగా. "నువ్వు మాత్రం మనిషివి కావూ?"