రోగి గదియు, గాలియు

ఇంటిలో నొకరికి దగ్గును జ్వరమును వచ్చినంతనే మన చూపు వారు ముట్టిన వస్తువులపైకి బోవును. తలుపు గొళ్ళెమో, నీళ్ళచెంబో, మంచపుకోడో, దేనికి రోగమంటియున్నదో యని శంకింతుము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాపించినపుడు కూరగాయలను సబ్బునీట కడిగిన ఇండ్లు గలవు. రోగి గడప త్రొక్కుటకే జంకి, అన్నము వాకిట నుంచి మరలిన ఇండ్లును గలవు. ఈ భయమున నిజమెంతయో విచారింతము.

వస్తువుపై వైరస్సును కనుగొనుటకు దానిని తడి దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లను ద్రవములో నుంచి పరీక్షాలయమునకు పంపుదురు. అచట పి.సి.ఆర్. పరీక్షలో వైరస్సు జన్యుపదార్థపు తునకను ఆవృత్తి కొకమారు రెట్టింపు చేయుదురు. కొలది ఆవృత్తులలోనే కనబడినచో మొదట నెక్కువ యుండెనని యర్థము.

అయితే ఈ పరీక్షకు తునక తెలియునే గాని, వైరస్సు ఇంకను రోగము కలిగింపగలదో లేదో తెలియదు. పొయ్యిలో బూడిద యున్నంత మాత్రమున నిప్పున్నదనరాదు గదా! ఆ సంగతి తేల్చుటకు దానిని జీవకణములపై పెంచి చూడవలయును. 2020లో అమెరికాలో ప్రకటింపబడిన ప్రయోగమున కరోనా వైరస్సు ఉక్కుపైనను ప్లాస్టిక్కుపైనను 72 గంటల వరకు నిలిచెను. రాగిపై 4 గంటల పిదప కానరాలేదు. అంతట దాని బలము క్రమముగా క్షీణించుచునే వచ్చెను. కలుషిత వస్తువును ఒకమారు తాకుటవలన రోగము సోకు అవకాశము సాధారణముగా 10,000లో 1 కంటె తక్కువ యని ఆ దేశపు వ్యాధి నివారణ కేంద్రము 2021లో తెలిపెను.

మరి రోగము వచ్చుట యెట్లు? మన జిల్లాల పొరుగుననున్న హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, చండీగఢ్ శాస్త్రజ్ఞులతో గూడి, ఆసుపత్రుల గాలిని పరీక్షించి 2022లో ఫలితములు ప్రకటించిరి. కరోనా రోగులున్న గదుల గాలిలో వైరస్సు దొరకెను. రోగులు పెరిగినకొలది అది దొరకుటయు నెక్కువయ్యెను.

నల్లగొండ, పాలమూరు పల్లెలలోని పాత రాతిగోడల ఇండ్లకు కిటికీలు చిన్నవి. చలికాలమున వానినిగూడ మూయుదుము. రోగియున్న గదికి అదియే కీడు. కావున చేతులు సబ్బుతో కడుగుట మానక, గొళ్ళెము తుడుచుట మానక, అంతకంటె ముందు కిటికీ తెరువుడు. పసిబిడ్డలను, వృద్ధులను వేరుగదిలో పరుండబెట్టుడు. ముక్కును నోటిని కప్పుకొని లోనికేగి, రోగికి గంజి చేతికందింపుడు. గిన్నెకు వెరచి మనిషిని విడువ బనిలేదు.