మొలక బాగుంటేనే.. లాందా బాగు!
* కుండ చెడితే పారబోయాల్సింది బియ్యాన్నే
* కొట్పాడ్ పరిసరాల్లో ఇంటి బీరు తయారీ తీరిదీ

కొట్పాడ్ (కొరాపుట్ జిల్లా): బియ్యప్పిండి, మొలకల పిండి, నీళ్లు కలిపి కుండకెత్తారు. నాలుగు రోజులాగి మూత తీస్తే పిండి పిండిగానే ఉంది. లేదంటే ముక్కు పగిలేంత పులుపు! ఇంట్లో లాందా పెట్టడం నేర్చుకునే వారికి మొదట్లో ఎదురయ్యే అనుభవమిదే. పోయేది శ్రమ ఒక్కటే కాదు.. ఇంటిల్లిపాదీ తినాల్సిన బియ్యం కూడా.

ఆల్ వేరు రంగు వస్త్రాలతో 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఊరు కొట్పాడ్. జగ్దల్‌పుర్ దారిలోని ఈ ప్రాంతానికి, పక్కనున్న బస్తర్‌కు ఉమ్మడిగా ఉన్న మరో ఇంటి విద్య లాందా. పండగైనా, పెళ్లయినా గిరిజనుల ఇళ్లలో ఇది ఉండాల్సిందే. వారపు సంతల్లో మహిళలు కుండలతో తెచ్చి అమ్ముతుంటారు.

అసలు కిటుకు మొలకలోనే..
ఉత్తర ఒడిశాలో హండియాకు మూలికలతో చేసిన బిళ్లలు వాడతారు. లాందాకు మొలకెత్తిన గింజే ఆధారం. మొక్కజొన్న గానీ, మనం చోళ్లనీ దేశియాలో మాండియా అనీ పిలిచే రాగులు గానీ నానబెట్టి, తడిగుడ్డలో కట్టి మొలక రప్పిస్తారు. ఎండబెట్టి దంచుతారు. బియ్యప్పిండిని ఆవిరిపై ఉడికించి, చల్లార్చి, ఈ మొలకల పిండితో కలిపి నీళ్లు పోసి కుండలో ఉంచుతారు. మొలకలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ చక్కెరను ఈస్ట్ మత్తుగా మారుస్తుంది. బార్లీ మొలకతో కంపెనీలు బీరు చేసేదీ ఈ సూత్రంతోనే. ఉగాండాలో చోళ్లతోనే బీరు చేస్తారు.

ఎక్కడ చెడుతుంది?
* పొగలు కక్కే పిండిలో మొలకల పొడి కలిపితే ఎంజైములు చచ్చిపోతాయి. 80 డిగ్రీలు దాటితే ఇక పనిచేయవు. వేలు పెడితే గోరువెచ్చగా తగలాలి.
* మొలక సరిగా రాకున్నా, బూజు పట్టినా ఆ గింజ పనికిరాదు.
* కుండ శుభ్రంగా లేకుంటే వేరే సూక్ష్మజీవులు చేరతాయి. బీరు చెడేది వీటివల్లేనని లూయీ పాశ్చర్ 1876లోనే పుస్తకం రాశారు.
* ఎక్కువ రోజులుంచితే గాలి తగిలి వెనిగర్ అవుతుంది. ఎండాకాలంలో రెండు మూడు రోజులకే తయారవుతుంది. చలికాలంలో వారం వరకు పట్టొచ్చు. రోజులు లెక్కపెట్టడం కన్నా వాసన, రుచి చూడటమే మేలు.
* పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది. సీసాలో పోసి బిరడా బిగిస్తే పగిలిపోయే ప్రమాదముంది. మూత వదులుగానే ఉంచాలి.

సారాతో పోల్చొద్దు
లాందా పులియబెట్టేది, సారా బట్టీ పెట్టి దించేది. 1992లో కటక్‌లో కల్తీ సారా 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. మిథనాల్ అనే విషమే ఇందుకు కారణం. లాందాలో ఆ భయం లేకున్నా అతిగా తాగితే ఒళ్లు గుల్లే. మత్తు పెంచాలని బయటి సరుకు కలిపితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

చట్టం ఏమంటోంది?
గిరిజనులు ఇంటి వాడకానికి, ఆచారాలకు సంప్రదాయ పానీయాలు చేసుకోవచ్చని 1975లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు కట్టబెట్టింది. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగా ఆ పరిధిలోనివే. పొట్టకూటికి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు ఒకటి గుర్తుంచుకోవాలి.. ఆ వెసులుబాటు గిరిజనులకు ఇచ్చింది. ఇతరులు సరదాకి మొదలుపెడితే ఎక్సైజ్ చట్టం అడ్డొస్తుంది.

కుండపై నల్లగానో, పచ్చగానో బూజు కనిపించిందా? నీళ్లు కలిపి సరిచేద్దామని చూడొద్దు. పారబోసి, కుండ కడిగి ఎండబెట్టి మళ్లీ మొలకతోనే మొదలుపెట్టాలి.