డీజిలు పన్ను పెరిగింది, కొల్లేటి చేప రైలెక్కిందా?

పొద్దు వాలాక కైకలూరు, ఆకివీడు రోడ్డున నిలబడితే చేపల లారీలు వరసగా పోతుంటాయి. ఐసు కొట్టిన ట్రేలతో హౌరా, అస్సాం దారి పడతాయి. ఆ ఊళ్ల మీదుగానే గుడివాడ–భీమవరం రైలు మార్గముంది. దాన్ని జంట లైను చేశారు, కరెంటు వైర్లూ వేశారు. ఇటు ఏలూరు, తాడేపల్లిగూడెం చెన్నై–హౌరా మెయిన్ లైను మీదే ఉన్నాయి. అయినా కొల్లేటి చేప లారీయే ఎక్కుతోంది. గూడెం మార్కెట్టుకు కర్నూలు ఉల్లిపాయ లారీలోనే వస్తోంది. ఎందుకని?

కార్బన్ పన్ను వేస్తే ఇది మారుతుందని పెద్దలంటున్నారు. బొగ్గు, డీజిలు కాల్చి బొగ్గుపులుసు వాయువు వదిలేవాడు దానికి వెల చెల్లించాలట. అప్పుడు సరుకు దానంతటదే రైలుకు మళ్లుతుందట. టన్ను సరుకు మోయడానికి లారీకన్నా రైలుకు చాలా తక్కువ ఇంధనం చాలు. అది నిజమే. కాని మేము లెక్క వేసి చూశాం.

లెక్క ఇదీ

లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల వాయువు వస్తుంది. టన్ను వాయువుకు 1,000 రూపాయల పన్నంటే లీటరుకు 2 రూపాయల 70 పైసలు. ఏలూరు నుంచి హౌరాకు రమారమి 1,200 కిలోమీటర్లు. లారీ లీటరుకు 4 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 300 లీటర్లు, 810 రూపాయల పన్ను. లోడు 10 టన్నులైతే కిలో చేపకు 8 పైసలు! ఈ 8 పైసలకు జడిసి లారీ మానేసే వ్యాపారి ఎవడు?

పోనీ, పన్ను ఇంకా పెంచితే? అదీ అయింది. డీజిలుపై కేంద్ర ఎక్సైజు సుంకం 2014 మధ్యలో లీటరుకు 3 రూపాయల 56 పైసలు. 2020 మే నాటికి 31 రూపాయల 83 పైసలు. అంటే టన్ను వాయువుకు 10,000 రూపాయల పైచిలుకు పన్ను వేసినట్లే, ఆ పేరు పెట్టలేదంతే. ముడిచమురు ధర పడిన లాభం జనానికి దక్కనివ్వలేదు. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో పలుచోట్ల లీటరు 100 దాటింది. చేప రైలెక్కిందా? లేదు.

బండి ఏదీ?

చెరువు గట్టున ఎత్తిన ట్రే లారీలో అయితే మార్కెట్టులోనే దిగుతుంది. రైలుకైతే ఎన్ని ఎత్తులు, ఎన్ని దింపుళ్లు! దారిలో బండి ఆగితే ఐసు కరిగి సరుకు పాడవుతుంది. రైల్వేకు బొగ్గులాంటి నిండు రేకుల సరుకంటేనే మక్కువ. 1951 ప్రాంతంలో దేశం సరుకులో నూటికి 80కి పైగా రైలు మోసింది. ఇప్పుడది 30కి లోపే. 2030కి 45 చేస్తామని జాతీయ రైలు ప్రణాళిక చెప్పింది. 2020లో కిసాన్ రైళ్లు వచ్చాయి. సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకీ ఒకటి నడిచింది. పండ్లకు, కూరగాయలకు కిరాయిలో సగం రాయితీ ఇచ్చారు. బండి ఉండి కిరాయి తగ్గితే రైతు రైలెక్కుతాడని తేలిపోయింది.

బొగ్గు మీద సెస్సు 2010లో టన్నుకు 50 రూపాయలు, 2016కి 400. కరెంటు రైలుకూ ఆ భారం తగిలింది. 2017 నుంచి ఆ సొమ్ము జి.ఎస్.టి. నష్టపరిహారానికి మళ్లింది. 2025లో ఆ సెస్సు తీసేసి బొగ్గు మీద జి.ఎస్.టి.ని 5 నుంచి 18 శాతం చేశారు. పచ్చదనం పేరుతో పిండినదంతా పచ్చదనానికి చేరలేదు.

మోసేదెవరు?

డీజిలు పెరిగితే వ్యాపారి తన జేబులోంచి పెట్టడు. రైతుకిచ్చే ధరలో కోస్తాడు. రైతు పట్టుబడి కూలీ రేటు దగ్గర గీచిగీచి బేరమాడతాడు. లారీ యజమాని డ్రైవరు బత్తా బిగిస్తాడు. ఫ్రాన్సులో 2018లో ఇంధన పన్ను పెంచబోతే పసుపు చొక్కాలు తొడిగి జనం రోడ్డెక్కారు. వేరే బండి చూపకుండా పన్ను వేయడమేమిటని నిలదీశారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

వాతావరణం మన గొడవ కాదని మేము అనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటి మీద పడినప్పుడు లంక గ్రామాల పాట్లు మరవలేం. మేము అడిగేది వరస మార్చమని. ముందు కైకలూరు, ఆకివీడులో చల్లటి పార్సిలు పెట్టెలు, వేళకు నడిచే బండి కావాలి. గూడెంలో చిన్న లోడుకూ చోటివ్వాలి. డీజిలు పన్నులో వాటా దీనికే ఖర్చు పెట్టాలి. ముఠా కూలీలకు, లారీ డ్రైవర్లకు పని పోకుండా హామీ ఇవ్వాలి. ఆ తర్వాతే పన్ను మాట. రైతు, కూలీ, డ్రైవరు కలిసి అడిగితేనే ఈ వరస మారుతుంది.