అబద్ధానికి రెండు సెంట్లు

పన్ను అంటే ఖజానా నింపేదనే మనకు తెలుసు. 1934లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో దానికి మరో పని దొరికింది. అక్కడి శాసనసభ సెనేటర్ హ్యూయీ లాంగ్ గారి చెప్పుచేతల్లో వుండేది. వారానికి 20,000 ప్రతులు మించి అమ్ముడయ్యే పత్రికలు ప్రకటనల రాబడిలో నూటికి రెండు చొప్పున కట్టాలని చట్టం చేశారు. ఏమంత భారం అంటారా? ఆ వలలో పడ్డవి పదమూడు పత్రికలు. ఒక్కటి తప్ప అన్నీ లాంగ్ గారిని దుయ్యబట్టేవే! ఇది అబద్ధానికి రెండు సెంట్ల చొప్పున పన్ను అని కరపత్రం కూడా వేశారాయన. దాపరికం లేని మనిషి.

పత్రికలవారు కోర్టుకెక్కారు. 1936 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా ఆ పన్నును కొట్టివేశారు. అప్పటికి లాంగ్ గారు లేరు. 1935లోనే హత్యకు గురయ్యారు. అందరూ కట్టే పన్నులు పత్రికలూ కట్టవలసిందే. కాని ఇది పత్రికల ప్రచారాన్ని తగ్గించడానికి పన్ను వేషంలో వచ్చిన ఎత్తు అన్నారు జస్టిస్ సదర్లండ్. ఇంగ్లండులో 1712లో మొదలై నూరేళ్ళకు పైగా పత్రికలను పీడించిన స్టాంపు పన్నును కూడా ఆయన తవ్వి తీశారు.

న్యూస్‌ప్రింట్ దిగుమతి సుంకం మీద ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వారు వేసిన వ్యాజ్యం 1984లో తేలినప్పుడు మన సుప్రీంకోర్టు కూడా ఈ తీర్పును ప్రస్తావించింది. సుంకం వేయవచ్చు గాని, పత్రిక నడవలేనంత వేయరాదని చెప్పి, లెక్క మళ్ళీ చూసుకొమ్మని ప్రభుత్వాన్ని ఆదేశించింది.